కొండదారి రాసేటప్పుడు రాత్రి మజిలీలు కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చలికాలం ట్రెక్కుల మీద, డార్జిలింగ్ కొండల్లోని సందక్‌ఫూ నడక గురించి వచ్చిన వ్యాసం చదివాను. మా వీధి ఆడపిల్లలు ఇద్దరు ఆ కాగితం కత్తిరించి పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఒకమ్మాయి బరంపురంలో నర్సింగు చదువుతోంది, ఇంకో అమ్మాయి గుణుపురంలో పాఠాలు చెబుతోంది. "పెద్దమ్మా, సందక్‌ఫూ వెళ్దామనుకుంటున్నాం. నువ్వు రెండుసార్లు వెళ్ళొచ్చావు కదా, ఇందులో రాసినట్టు నాలుగు రోజుల్లో అయిపోద్దా?" అని అడిగారు. నేను కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచీ చదివాను. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని కిలోమీటర్లో ఉంది. ఏ మలుపులో కాంచన్‌జంగ బాగా కనిపిస్తుందో ఉంది. మోమోలు ఎక్కడ రుచిగా ఉంటాయో కూడా ఉంది. ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలి, ఆ చోటు ఎంత ఎత్తులో ఉంది, అక్కడ పక్క దొరక్కపోతే ఎటు పోవాలి అన్నదాని గురించి ఒక్క వాక్యం లేదు. ఈ ఉత్తరం దాని కోసమే. కాస్త పెద్దదయింది, మన్నించండి.

నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగినదాన్ని. తపాలా శాఖలో 34 ఏళ్ళు పనిచేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొండల కింద ఒక చిన్న ఆఫీసులో వేశారు. అక్కడ పైనున్న సవర ఊళ్ళకు టపా సంచి భుజాన వేసుకుని నడిచివెళ్ళే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. సంచి ఎత్తుకునే ముందు నాచేత ఒక చీటీ రాయించి ఆఫీసులోనే ఉంచేవాడు, తను ఎప్పుడు ఎక్కడ ఉంటాడో మాకు తెలియాలని. "సోమారం రాత్రి ఫలానా ఊరు, పెద్ద ఇంటి పంచ. నీళ్ళు దగ్గిరే. మంగళారం రాత్రి బడి అరుగు. గెడ్డ పొంగితే ఇవతలి ఊరిలోనే ఉండిపోతాను, అన్నం వాళ్ళే పెడతారు. రాసీ అమ్మా" అనేవాడు. ఆ చీటీలో ఏనాడూ దూరం ఉండేది కాదు. రాత్రులే ఉండేవి. వాన పడితే ఎక్కడ, ఒంట్లో బాగోకపోతే ఎక్కడ అన్నవి ఉండేవి. అలాంటి చీటీలు నా చేత్తో ఎన్ని రాశానో లెక్కలేదు. అయినా నా సొంత ప్రయాణానికి వచ్చేసరికి ఆ చీటీ నాకు గుర్తు రాలేదు. దానివల్ల మా తోటికోడలు అవస్థ పడింది. అది ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

రిటైరైన ఏడాది నవంబరులో నలుగురం బయల్దేరాం. నేను, మా మరిది, తోటికోడలు, మా అన్నయ్య కూతురు. గుణుపురం నుంచి పూరీ వెళ్ళే బండిలో బరంపురం దాకా, అక్కడి నుంచి డిబ్రూగఢ్ వెళ్ళే బండిలో న్యూ జల్పాయ్‌గురి దాకా. ఏర్పాట్లన్నీ ఫోనులో ఒక ఏజెంటుకు అప్పజెప్పాం. ఎన్ని రోజులని అడిగాడు, రానూపోనూ టిక్కెట్లు ముందే కొనేశాం కనక ఇన్నే రోజులని చెప్పాం. ఆ రోజుల్లో ఇమిడేలా అతను నడక సర్దాడు. తప్పు అక్కడే మొదలైంది.

సందక్‌ఫూ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. పశ్చిమ బెంగాల్లో అన్నిటికన్నా ఎత్తైన చోటు అదే, 3,636 మీటర్లు. డార్జిలింగ్ కొండల్లో మానేభంజ్యాంగ్ అనే చిన్న ఊరి నుంచి నడక మొదలవుతుంది. దారి సింగలీలా జాతీయవనంలోంచి, భారత్ నేపాల్ సరిహద్దు వెంబడి పోతుంది. కాసేపు ఇటు, కాసేపు అటు. తుమ్‌లింగ్ అనే మజిలీ నేపాల్లోనే ఉంది. దారి పొడుగునా కొన్ని చోట్ల ప్రభుత్వ ట్రెక్కర్స్ హట్లు (నడిచేవాళ్ళు రాత్రి ఉండే బసలు), కొన్ని చోట్ల ఊరివాళ్ళ ఇళ్ళు, చిన్న లాడ్జీలు ఉంటాయి. గుడారం మోయక్కర్లేదు, వంటసామాను మోయక్కర్లేదు. సాయంత్రానికి ఒక కప్పు కిందికి చేరితే వేడి అన్నం, పప్పు, ఆలూ కూర, బొంతలాంటి రజాయి దొరుకుతాయి. మా వయసువాళ్ళకి హిమాలయాల్లో ఇంతకన్నా సుళువైన దారి ఉందనుకోను. సుళువైన దారి కాబట్టే ముందు ఆలోచించకుండా పోతాం.

మొదటి రాత్రి మానేభంజ్యాంగ్, రెండో రాత్రి తుమ్‌లింగ్. తుమ్‌లింగ్ సుమారు 2,970 మీటర్లు. అంతవరకూ బాగానే ఉంది. ఆ సాయంత్రం గైడు వచ్చి, కాలీపోఖ్రీలో మూడో రాత్రికి చోటు లేదట, రేపు ఒక్కరోజులోనే సందక్‌ఫూ వెళ్ళిపోదాం అన్నాడు. ఏజెంటు ఫోను చేసి చెప్పాడట. మా మరిది సంబరపడ్డాడు. "వొదినా, ఒక రోజు కలిసొచ్చింది" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

తుమ్‌లింగ్ నుంచి సందక్‌ఫూ 19 కిలోమీటర్లు ఉంటుంది. కాగితం మీద ఎత్తు తేడా 666 మీటర్లు. కాని దారి ముందు గైరీబాస్ దాకా దిగుతుంది, అది 2,621 మీటర్లు. దిగినదంతా మళ్ళీ ఎక్కాలి. అంటే ఆ ఒక్కరోజులో వెయ్యి మీటర్లు దాటి ఎక్కాం. చివరి నాలుగు కిలోమీటర్లు బిఖేభంజ్యాంగ్ నుంచి గోడ ఎక్కినట్టే ఉంటుంది. అక్కడ నవంబరులో అయిదు కాకముందే పొద్దు వాలిపోతుంది. తూర్పుకు అంత దూరం వెళ్ళామని, పొద్దు మనకంటే ముందే పోతుందని మా లెక్కలో లేదు. చీకట్లో రెండు టార్చిలతో ఎక్కాం. తోటికోడలు పదడుగులకోసారి ఆగి, "అప్పా, తల పగిలిపోతంది" అంటోంది. పైకి చేరేలోపు రెండుసార్లు వాంతి చేసుకుంది.

హట్‌లో రిజిస్టరు తిప్పి చూసి మా పేర్లు లేవన్నారు. కాలీపోఖ్రీ బదులు ఒకరోజు ముందే వస్తున్నామని వీళ్ళకి ఎవరూ చెప్పలేదు. గదులన్నీ నిండిపోయాయి. ఏజెంటుకు ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు. బయట గాలి ఎలా వీస్తోందంటే, వాకిట్లో నిలబడి మాట్లాడితే పక్కనున్నవాళ్ళకి వినపడదు. అప్పుడు వంటింట్లోంచి ఒక ముసలావిడ వచ్చింది. అందరూ దీదీ అంటున్నారు. మా తోటికోడలి మొహం చూసింది, ఇంకేమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి తీసుకుపోయి కూచోబెట్టింది. వంటింటి బల్లల మీద మాకు పక్కలు వేసింది. రాత్రంతా తోటికోడలు నిద్రపోలేదు, నేనూ పోలేదు. పొద్దున్న చూస్తే మంచు పొగ కమ్మేసి పది గజాల అవతల ఏమీ లేదు. తలనొప్పి తగ్గలేదు. దీదీ ఒక్కటే మాట అంది, "నీచే జావో". కిందికి వెళ్ళిపోండి. జీపు మాట్లాడుకుని దిగిపోయాం. మానేభంజ్యాంగ్ చేరేసరికి తోటికోడలు టీ అడిగింది. ఇంకో గంటకి ఆకలేస్తోందంది. మందేమీ వేయలేదు, దిగాం అంతే.

ఇంటికొచ్చాక మా ఊరి డాక్టరు గారు విడమరిచి చెప్పారు. పగలు ఎంత ఎత్తుకు ఎక్కినా ఒళ్ళు కొంతవరకు ఓర్చుకుంటుంది. రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నదే అసలు లెక్క. 3,000 మీటర్లు దాటాక, నిన్న పడుకున్న చోటుకన్నా ఈ రాత్రి పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. ప్రతి వెయ్యి మీటర్లకీ ఒక రాత్రి అదనంగా అదే ఎత్తులో ఆగాలి. తలనొప్పికి తోడు వికారం ఉంటే ఇంకో అడుగు పైకి వేయకూడదు. తగ్గకపోతే దిగిపోవాలి, తూలుతుంటే ఆగకుండా వెంటనే దిగిపోవాలి. ముందుగా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్రలున్నాయిగాని, సల్ఫా మందులు పడనివాళ్ళకి అవి పడకపోవచ్చు, కనక డాక్టరుకు చూపించుకోకుండా దుకాణంలో కొనుక్కోవద్దన్నారు. సముద్రమట్టానికి నాలుగు మెట్లు పైన బతికే శ్రీకాకుళం, గంజాం, గజపతి జిల్లాల మనుషులకి ఈ లెక్క ఎవరు చెప్పాలి? మీ వ్యాసంలాంటివే చెప్పాలి.

కాలీపోఖ్రీ 3,100 మీటర్లకు పైన ఉంటుంది. తుమ్‌లింగ్ తర్వాత అక్కడొక రాత్రి, ఆ తర్వాత సందక్‌ఫూ. ఈ మధ్య మజిలీ ఒళ్ళు అలవాటు పడడానికి ఉన్నది. మేం దాన్ని మిగులు అనుకుని తీసేశాం.

రెండేళ్ళు ఆగి, కిందటి నవంబరులో మళ్ళీ వెళ్ళాం, అదే నలుగురం. తోటికోడలు రానంటుందేమోనని భయపడ్డాను. "ఈసారి నువ్వే రాయప్పా, వస్తాను" అంది. ఆఫీసులో వాడిన లాంటి పొడుగు రిజిస్టరు ఒకటి కొన్నాను. రైలు జోలికి పోలేదు. ముందు రాత్రులు రాశాను. మొదటి రాత్రి మానేభంజ్యాంగ్, రెండోది తుమ్‌లింగ్, మూడోది కాలీపోఖ్రీ, నాలుగోది సందక్‌ఫూ, అయిదోదీ సందక్‌ఫూయే, ఆరోది కిందికి దిగి శ్రీఖోలా. ప్రతి రాత్రికీ ఎదురుగా ఎత్తు, పక్క ఎవరితో ఖాయం చేశాం, ఏ తేదీన మాట్లాడాం, అక్కడ లేకపోతే వెనక్కి ఎంతసేపట్లో ఏ మజిలీకి పోగలం. ఈ గడులన్నీ నిండాక రైలు టిక్కెట్ల సంగతి చూశాం. ఇప్పుడు రైల్వే 60 రోజుల ముందే రిజర్వేషను తెరుస్తోంది, కాబట్టి ఆ 60 రోజులకన్నా ముందు హట్లవాళ్ళతో మాట్లాడడం పూర్తికావాలి. మామూలుగా మనందరం చేసేది దీనికి తిరగబడి ఉంటుంది. రైలు దొరికిన తేదీలకి కొండని కుదిస్తాం.

ఫోనులో ఏం అడగాలో కూడా రాసుకున్నాను. గది వేరుగా ఉంటుందా, అందరూ ఒకే హాల్లో పడుకోవాలా? మరుగుదొడ్డి లోపలా, బయటా? బయటైతే ఎన్ని అడుగుల దూరం, దీపం ఉందా? ఈ ప్రశ్న మగవాళ్ళ వ్యాసాల్లో కనిపించదు. రాత్రి రెండింటికి గడ్డకట్టిన మెట్ల మీద చెంబు పట్టుకుని దిగాల్సింది మేము కదా. నెలసరి రోజుల్లో ఉన్న పిల్లకి అది ఇంకా కష్టం. మా మేనకోడలు ఆ మాట నాతో రైల్లో చెప్పింది, వాడేసినవి వేసుకోవడానికి మూత బిగించే డబ్బా ఒకటి తెచ్చుకుంది, వాటిని కొండ మీద పారేయకుండా సిలిగురి దాకా మోసుకొచ్చింది. నాకు తెలిసిన జాగ్రత్తల్లో ఇంత మంచిది లేదు. చదివే ఆడపిల్లలకి ఇది మీ పేజీలో కనిపిస్తే ఎంత ధైర్యంగా ఉంటుందో ఆలోచించండి.

రాత్రి భోజనం ఎన్నింటికి పెడతారో అడగాలి. పొయ్యి ఒక్కటే, కట్టెలూ గ్యాసూ కింద నుంచి మోసుకొచ్చినవే, ఎనిమిదింటికి వెళ్ళి అన్నం పెట్టమంటే ఆ మనుషుల్ని అన్యాయంగా బాధపెట్టినట్టు. నీళ్ళు కొంటామా, మరిగించి ఇస్తారా? రజాయిలు ఎన్ని ఇస్తారు? వాళ్ళ రజాయిలు రోజూ ఉతికేవి కావు, అక్కడి ఎండకీ నీళ్ళకీ కుదరదు. అందుకని పాత నేత పంచెలు రెండేసి కలిపి సంచుల్లా కుట్టాను, నలుగురికీ నాలుగు. ఆ సంచిలో దూరి, పైన రజాయి కప్పుకుంటే శుభ్రానికి శుభ్రం, వెచ్చదనానికి వెచ్చదనం. బరువు అరకేజీ లేదు.

బరువంటే గుర్తొచ్చింది. సంచులన్నీ ఇంట్లో తూకం వేశాను, పార్సిళ్ళు తూచిన చెయ్యి కదా. మొదటిసారి నా సంచి 11 కేజీలు. రెండోసారి 6 కేజీలు. హట్‌లో పక్క, అన్నం ఉన్నప్పుడు మోయాల్సింది పొడి బట్టలు ఒక జత, స్వెట్టరు, గాలి ఆగే కోటు, వానకోటు, టోపీ, చేతిజోళ్ళు, టార్చి, మందులు, నీళ్ళసీసా, కొంచెం చిరుతిండి. టోపీలూ చేతిజోళ్ళూ మా జిల్లాలోనే చంద్రగిరి దగ్గర 1960లలో స్థిరపడ్డ టిబెట్ వాళ్ళ దగ్గర కొన్నాం. చిరుతిండికి పలాస జీడిపప్పు, బెల్లం వేసిన చోడిపిండి (రాగిపిండి) ఉండలు. ఆ ఉండలు కాలీపోఖ్రీలో ఇంటావిడకి ఇస్తే వాసన చూసి, "కోదో!" అని నవ్వింది. వాళ్ళూ చోళ్ళే పండిస్తారు, వాటిని పులియబెట్టి తోంబా అనే వేడి కల్లు చేసుకుంటారు. ఆవిడ నా ఉండ తింది, నేను ఆవిడ ఇచ్చిన చుర్పీ నమిలాను. యాక్ పాలతోటీ ఆవుపాలతోటీ చేసే గట్టి జున్నుముక్క అది, మధ్యాహ్నం దాకా నోట్లోనే ఉంది.

గుర్తింపు కార్డులు పైసంచిలోనే పెట్టుకోవాలి, దారిలో సరిహద్దు బలగాల వాళ్ళు నాలుగు చోట్ల చూశారు. మానేభంజ్యాంగ్ దాటాక ఏటీఎం లేదు. ఫోనులో డబ్బు పంపుదామంటే సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. నోట్లే దిక్కు. గైడు తప్పనిసరి, అది మంచి నిబంధన. జూన్ నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా వనం మూసేస్తారు. ఇవన్నీ ఎక్కడైనా దొరికే సంగతులే, త్వరగా చెప్పేశాను.

అయిదో రాత్రి గురించి మాత్రం చెప్పాలి. సందక్‌ఫూలో రెండు రాత్రులెందుకు, డబ్బు దండగ అని మరిది అన్నాడు. ఆ పెద్దాయన చీటీలో "గెడ్డ పొంగితే" అని ఉండేది చూశారా, ఇది ఆ రాత్రి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కాలీపోఖ్రీలోనే రెండు రాత్రులు ఉంటాం, లేదా వానొస్తే తుమ్‌లింగ్‌లో. ఎక్కడ వాడతామో తెలియని రాత్రి అది. నాలుగో రోజు చేరేసరికి మళ్ళీ అదే పొగమంచు. మరునాడు పొద్దున్నా అంతే. దీదీ ఇంకా అక్కడే ఉంది. తోటికోడల్ని గుర్తుపట్టి బుగ్గలు పట్టుకుంది. ఆ పగలంతా ఆవిడ వంటింట్లో కూచుని బంగాళాదుంపలు ఒలిచాం. ఆరో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఆవిడే తలుపు కొట్టింది. బయటికొస్తే నక్షత్రాలున్నాయి. ఆరు కాకముందే కాంచన్‌జంగ వరస మొత్తం గులాబీరంగు తిరిగింది. అక్కడివాళ్ళు ఆ కొండల వరసని పడుకున్న బుద్ధుడంటారు, తల, పొట్ట, కాళ్ళు అన్నీ తెలుస్తాయి. మా తోటికోడలు శేషశాయిలా ఉన్నాడంది. ఎడమకు చూస్తే దూరంగా లోత్సే, ఎవరెస్టు, మకాలు. ఎవరెస్టు అంత చిన్నగా కనిపిస్తుందనుకోలేదు, మకాలు ముందుకొచ్చి దానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ పిల్లకి ఆ పొద్దున్న తలనొప్పి లేదు. నాకు ఆ ఎనిమిది వేల మీటర్ల కొండలకన్నా అదే పెద్ద సంతోషం.

పర్వతాల్లో ఇలా పాకలు కట్టి నడిచేవాళ్ళని ఆదుకోవడం ఐరోపావాళ్ళు నూటయాభై ఏళ్ళకు పైగా చేస్తున్నారు. స్విస్ ఆల్పైన్ క్లబ్ 1863లో పుట్టింది, తన మొదటి హట్‌ని ఆ ఏడాదే కట్టింది. మా ఊరివాళ్ళకి 1863 అనగానే ఇంకొకరు గుర్తొస్తారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన ఏడాది. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల భాష నేర్చుకోవడానికి కొండలెక్కి ఊరూరూ తిరిగారాయన. మన్యం జ్వరానికి క్వినైను మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారు. ఆ కొండల్లో ఆయనకి ఒక దోమతెర కట్టిన పాక ఉండి ఉంటే అని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇక్కడి నుంచి నేను అడగాలనుకున్నది మొదలవుతుంది. మా గజపతి జిల్లాలో మహేంద్రగిరి ఉంది, 1,501 మీటర్లు. పైన భీముడి పేర, కుంతి పేర, యుధిష్ఠిరుడి పేర రాతి గుళ్ళు, చోళుల నాటి శాసనం. మా ఊరి పక్కగా పారే మహేంద్రతనయ ఆ కొండలోనే పుడుతుంది. సిమిలిపాల్ తర్వాత రాష్ట్రంలో రెండో జీవావరణ రక్షిత ప్రాంతంగా దీన్ని చేయడానికి ఒడిశా ప్రభుత్వం పూనుకుంది. చిన్నప్పుడు శివరాత్రికి మా నాన్న భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళారు. రెండు రోజులు నడిచాం. మధ్యలో ఒక సవర ఊళ్ళో పంచలో పడుకున్నాం, వాళ్ళు చోడి అంబలి పోశారు. పైన గుడి దగ్గర నెగళ్ళ చుట్టూ జనం. చలికి నాన్న పంచె సగం నాకు చుట్టి, సగం ఆయన కప్పుకున్నారు. మన పెద్దవాళ్ళు పూరీకీ కాశీకీ నడిచినప్పుడు దారి పొడుగునా సత్రాలు ఉండేవి కదా. ఆ నడకల్లో మజిలీ ఉండేది.

ఇప్పుడు మహేంద్రగిరి చాలా దూరం బండి మీద పోవచ్చు. పొద్దున్న వెళ్ళి, ఫోటోలు దిగి, బిర్యానీ డబ్బాలు అక్కడే వదిలి, సాయంత్రానికి దిగిపోయేవాళ్ళే ఎక్కువ. దారిలోని ఊళ్ళవాళ్ళకి దుమ్ము తప్ప ఏమీ మిగలదు. నడుద్దామనుకున్న పిల్లలకి రాత్రి ఎక్కడ ఉండాలో తెలియక వాళ్ళూ బండే ఎక్కుతున్నారు.

పెద్ద రిసార్టులు అక్కర్లేదు, ఏసీ కాటేజీలు అక్కర్లేదు. నడిచే దారిలో, ఒక రోజు నడకకి ఒకటి చొప్పున రెండు మూడు పాకలు కావాలి. మట్టిగోడ, రేకు కప్పు చాలు. పన్నెండు మంది పడుకునే అరుగులు, అరుగరుగుకీ దోమతెర, మా కొండల్లో మలేరియా ఇంకా ఉంది. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేరువేరుగా మరుగుదొడ్లు, రాత్రి సోలారు దీపం. మరిగించిన నీళ్ళు, అన్నం, పప్పు, చోడి అంబలి. ఎలుగుబంట్లు తిరిగే అడవి కనక వెంట ఊరి మనిషి లేనిదే నడవకూడదన్న నియమం. ఒక రిజిస్టరు, అందులో ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, రేపు రాత్రి ఎక్కడ ఉంటారు అన్న వివరం. పన్నెండు మంది నిండితే పదమూడో మనిషిని ఆ రోజుకి కొండ ఎక్కనివ్వకూడదు. తిన్న పొట్లాలు ఎవరివి వాళ్ళు కిందికి మోసుకుపోవాలి. ఈ పాకలు నడపాల్సింది ఆ ఊరి సవర కుటుంబాలు, డబ్బు వాళ్ళకే అందాలి. అసలు వాళ్ళ కొండ మీద పాకలు ఉండాలా వద్దా, ఉంటే ఎక్కడ, ఏ చోట్లకి బయటివాళ్ళు పోకూడదు అన్నది ముందు వాళ్ళ గ్రామసభలో వాళ్ళ భాషలో అడిగి తెలుసుకోవాలి. వాళ్ళు వద్దంటే ఆ మాటతో సరి. కాలీపోఖ్రీలో ఆ ఇంటావిడ రిజిస్టరు తనే రాసుకుంటుంది, డబ్బు తనే లెక్కపెట్టుకుంటుంది, కూతుర్ని డార్జిలింగ్‌లో చదివిస్తోంది. మా కొండల్లో అది ఎందుకు కాకూడదో నాకు అర్థం కాదు.

ఈ మాట అటవీశాఖకీ జిల్లా అధికారులకీ ఒడియాలో రాసి పంపాను. మీ పత్రిక శ్రీకాకుళంలోనూ చదువుతారు, మా దగ్గరా చదువుతారు. మహేంద్రగిరికి వెళ్ళేవాళ్ళలో సగం మంది సరిహద్దుకి అటువైపు మీ పాఠకులే అయ్యుంటారని మా ఊళ్ళో అందరి అంచనా. మీరు ఒక విలేకరిని పంపి ఆ ఊళ్ళవాళ్ళతో మాట్లాడించి రాస్తే దానికి బరువొస్తుంది.

ఇంకొకటి మీ చేతిలోనే ఉంది. మీ అనుబంధంలో ఇకమీద ఏ కొండ నడక రాసినా, చివర ఒక చిన్న పట్టీ వేయండి. ఏ రాత్రి ఎక్కడ, ఎంత ఎత్తు, పక్కలు ఎన్ని, ఎవరితో మాట్లాడాలి, పక్క లేకపోతే వెనక్కి ఎటు. అయిదు గడులు. ఒక ఫోటో తగ్గించినా చాలు, చోటు సరిపోతుంది.

ఆ ఇద్దరు పిల్లలకి నా రిజిస్టరు ఇచ్చాను. నాలుగు రోజుల్లో అవుతుందా అని అడిగినవాళ్ళు, మొన్న వచ్చి ఏడు రాత్రుల పట్టీ రాసి చూపించారు. కాలీపోఖ్రీ గడిలో ఇంటావిడ ఫోను ఎత్తలేదని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. మంగళవారం మళ్ళీ చేస్తామన్నారు. ఆవిడ ఎత్తేదాకా రైలు టిక్కెట్టు కొనొద్దని చెప్పాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత తపాలా ఉద్యోగిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా